ఊరికే తిన్నామా?

జగ్గయ్యపేట బస్సులో, నందిగామ టీ కొట్టు దగ్గర ఈ మాట మేము చాలాసార్లు విన్నాం: "గవర్నమెంటు ఊరికే పెడుతుంది, అందుకే వీళ్ళకు బద్ధకం." 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు మా తాతలు కూడా ఇదే మాట పడ్డారట.

2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది. అదీ ఊరికే ఇచ్చింది కాదు మిత్రులారా! మా అమ్మలు తవ్విన మట్టిని కొలిచి కూలి కట్టారు. కొలత తగ్గితే కూలీ తగ్గింది. మిరప కోతలకూ వాళ్ళే వెళ్ళారు. సెలవులకు ఇంటికెళ్తే ఆ చేతులతో మొహం నిమిరేవాళ్ళు, మా కళ్ళు మండేవి.

మా తప్పులూ ఉన్నాయి. స్టడీ అవర్‌లో పుస్తకం అడ్డం పెట్టుకొని నిద్రపోయింది మేమే. ఆ బాధ్యత ఎవరి మీదా నెట్టం.

కానీ పీజీ పట్టా చేతికొచ్చాక? మా చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, పత్తి మిల్లులున్నాయి. తెలుగు ఎం.ఏ.కి అక్కడ పనేముంటుంది? 2024 ఫిబ్రవరిలో గ్రూప్-2 ప్రిలిమ్స్ 4 లక్షల మందికి పైగా రాశారు. పోస్టులు సుమారు 900. మిగిలినవాళ్ళందరూ బద్ధకస్తులేనా?

మేము కోరేది ఒక్కటే. చదువు అయిపోయిన మర్నాడే పెట్టె సర్దుకోమనకుండా, ఒక్క ఏడాది హాస్టల్ రీడింగ్ రూము వాడుకోనివ్వండి. అన్నం మేమే బయట తింటాం. ఉద్యోగాల్లో ఉన్న పాత విద్యార్థులు అన్నయ్యలారా, అక్కయ్యలారా, మీ గ్రూప్స్ పుస్తకాలు అటక మీద ఉంటే వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు పట్టుకురండి.