సముద్రము లేని సీమలో సాగరములు



సముద్రతీరమున నుండు ఉప్పునీటి సరస్సులను గూర్చి పిల్లల భూగోళపాఠములలో మీరు చదివియుందురు. ఆంధ్ర, తమిళ దేశముల యెల్లయందున్న పులికాటు సరస్సు అట్టిది. శ్రీహరికోట యను ఇసుకదీవి దానికిని బంగాళాఖాతమునకును నడుమ అడ్డుగోడవలె నిలిచియున్నది. ఆ సరస్సు విస్తారమెంత గొప్పదో లోతంత తక్కువ. ఆ లోతు లేకపోవుటయే దాని భాగ్యము. నీరు పలుచగా నున్నచోట ఎండ అడుగుదాక సోకి నాచు పెరుగును. నాచువలన పురుగులు, రొయ్యలు, చేపపిల్లలు వృద్ధిపొందును. వానికొఱకు రాజహంసలు గుంపులుగా దిగును.

మన అనంతపురపు మెట్టకు సముద్రమెక్కడిదందురా? నైరృతి మేఘములు పడమటి కనుమలమీదనే తమ బరువు దించుకొనును. ఈశాన్యపు మేఘములు తూర్పుతీరమున కురిసి, మనకడకు వచ్చునప్పటికి వట్టిపోవును. ఏటికి సగటున 55 సెంటీమీటర్ల వానయే మనకు ప్రాప్తము. కావున మన పెద్దలు సాగరములను చేతులతోనే చేసికొనిరి. 14వ శతాబ్దమున మొదటి బుక్కరాయల మంత్రియగు చిక్కప్ప ఒడెయరు పండమేటికి అడ్డముగా కట్ట వేయించెను. దాని రెండు కొనలయందు వెలసిన యూళ్ళకు బుక్కరాయసముద్రమనియు, అనంతసాగరమనియు పేళ్ళు కలిగెను. ఆ అనంతసాగరమే నేటి అనంతపురము.

చెఱువు కుండవంటిది కాదు, పళ్లెమువంటిది. కట్టకడ లోతుండును, ఎగువ మునకభూమియందు నీరు మోకాటిబంటియే. ఎండకు కొంత ఆవిరియై పోయినను, కొంత నేలలోని కింకి చుట్టుపట్ల బావులను బ్రతికించును. ఎండినపిమ్మట మునకలో పసులు మేయును; అందలి ఒండ్రుమట్టి చేలకు ఎరువగును.

ఈ పలుచని నీటినే నమ్ముకొని చిలమత్తూరు మండలములోని వీరాపురమునకు ఏటేట కొంగలు వచ్చును. ఆ యూరు 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. పసుపుపచ్చని పెద్దముక్కును, తోకదగ్గఱ గులాబివన్నె యీకలును గల యీ పక్షులను సైబీరియా కొంగలని పలువురందురు. అది పొరపాటు; ఇవి మన దేశపు పక్షులే. సగము తెఱచిన ముక్కును నీటిలో నుంచి, చేప తగిలినంతనే పట్టుకొనును. కావున లోతైన జలాశయములు వీనికక్కఱకు రావు. ఇండ్లనడుమ చింతచెట్లపై గూళ్ళు కట్టి పిల్లలను పెంచుకొని పోవును. వీని రాక శుభమని యెంచి గ్రామస్థులు వానికి హాని చేయరు.

అయితే చెఱువంతయు పూడి మేటవేసినచో, ఆ లోతులేమి భాగ్యము కాక కీడగును. పూడిన చెఱువు కొద్దివానకే నిండి కట్టమీద నొత్తిడి పెట్టును. వాన వెలియగనే ఎండిపోవును. కట్ట తెగుట యననేమో బుక్కరాయసముద్రమువారికి తెలియును. బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ గండిలో నిలిచి తన్ను తాను బలి యిచ్చుకొనెనని అక్కడి గాథ. కట్టమంచి రామలింగారెడ్డిగారు దానినే ‘ముసలమ్మ మరణము’ అను కావ్యముగా వ్రాసిరి. ఊరి యజాగ్రత్తకు ఒక యింటి కోడలు మూల్యము చెల్లించెను. ఆమెకు కొబ్బరికాయ కొట్టుటతో మన ఋణము తీరదు. మఱియొక ముసలమ్మ యవసరము రాకుండ చూచుటయే ఆమెకు నిజమైన పూజ.

తూము, మరువ, వంక అను మూడును చెఱువునకు ప్రాణస్థానములు. వానిని బాగుచేయుట పురుషుల పనియని యూరకుండవలదు. ఇంటి చెత్తను, ప్లాస్టిక్ సంచులను వంకలో పాఱవేయకుండుట మన చేతిలోనిది. వేసవిలో ఒండ్రు తెప్పించి పెరటి పాదులకు వేయించుట మన చేతిలోనిది. వంక మూసి యిండ్లు కట్టుచున్నప్పుడు గ్రామసభలో లేచి యడుగుటయు మన చేతిలోనిదే. బావిలో నీరు తగ్గినప్పుడు మొదట బిందె పట్టుకొని దూరము నడచువారము మనమే కదా!