సాక్ష్యం పాస్టరు ఒక్కడి పనేనా?

మిషనరీ అనగానే మనకు ఎడ్లబండి మీద వచ్చిన తెల్లదొర గుర్తొస్తాడు. లేదా ఏడాదికోసారి నింపి ఇచ్చే మిషన్ కానుక కవరు గుర్తొస్తుంది. కవరు ఇచ్చేస్తే మన బాధ్యత తీరినట్టే. మిగతాది పాస్టరుగారు, బైబిల్ ఉమన్ చూసుకుంటారు!

ఆది సంఘం అలా లేదు. స్తెఫను మరణం తర్వాత హింస చెలరేగితే అపొస్తలులు యెరూషలేములోనే ఉండిపోయారు. చెదరిపోయిన సామాన్య విశ్వాసులే వెళ్లిన చోటల్లా సువార్త చెప్పారు (అపొ.కా. 8:1-4). అంతియొకయలో గ్రీకువారికి ప్రభువును ప్రకటించినవారి పేర్లు కూడా లూకా రాయలేదు (11:20).

మనకు పొరుగునే, పాత వరంగల్ జిల్లాలో డోర్నకల్ ఉంది. అక్కడ బిషప్పుగా పనిచేసిన వి.ఎస్. అజరయ్య 1903లో ఇండియన్ మిషనరీ సొసైటీ, 1905లో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపనలో ముందు నిలిచారు. అప్పటికి ఆయన గురువు కాదు, వై.ఎం.సి.ఎ. కార్యదర్శి మాత్రమే. గురు అభిషేకం పొందింది 1909లో. 1912లో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్పు అయ్యారు. బాప్తిస్మం పొందినవారి చేత తమ తలమీద తామే చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే తనకు శ్రమ అని పౌలు ఒప్పుకున్న భారాన్ని (1 కొరింథీ 9:16) వారి నోటనే పలికించేవారు. వారిలో ఎక్కువమంది అక్షరం రాని కూలీలు. అపొస్తలుని భారం కూలివాని నెత్తిన పెట్టడం ఆయనకు అతిగా తోచలేదు. మనకే తోస్తోంది.

మందమర్రి, శ్రీరాంపూర్ బొగ్గు గనుల్లో, సిరిసిల్ల సాంచాల దగ్గర, జగిత్యాల నుంచి వెళ్లి గల్ఫ్ క్యాంపుల్లో ఉంటున్నవారిలో మన విశ్వాసులున్నారు. పాస్టరును గనిలోకి ఎవరు దింపుతారు? అక్కడ దేవుని మనిషి ఆ కార్మికుడే. చేయని పనికి మస్టరు పడనివ్వకపోవడం, పక్కింటివారి కష్టంలో అధిక వడ్డీకి అప్పివ్వకపోవడం, చావింట ముందుగా నిలబడటం అతని సాక్ష్యం. ఆశ చూపడం, వాదనకు దిగడం సాక్ష్యం కాదు. నీ నిరీక్షణ ఏమిటని ఎవరైనా అడిగితే సాత్వికంతో చెప్పమన్నాడు పేతురు (1 పేతురు 3:15). అడగాలనిపించే బ్రతుకు ముందు ఉండాలి కదా!

దుబాయ్ వెళ్లే తమ్ముడికోసం ప్రయాణ క్షేమం అడుగుతూ ప్రార్థిస్తాం, మంచిదే. ఈసారి అతన్ని బలిపీఠం ముందుకు పిలవండి. పాస్టరుతోపాటు సంఘపెద్దలు కూడా తలమీద చేతులుంచి, క్రీస్తు సాక్షిగా పంపండి.