పాడైన ఆటపెట్టె: పారవేయడమా, విప్పి చూడడమా?

ఈ వేసవిలో మా పదకొండేళ్ళ అమ్మాయి వీధి చివరి యార్డ్ సేల్‌లో ఐదు డాలర్లకు ఒక పాత గేమ్ బాయ్ కొని తెచ్చింది. 1989లో వెలువడిన నమూనా అది. నాలుగు పెన్సిల్ సెల్స్‌తో నడిచే బూడిదరంగు పెట్టె. స్విచ్చి ఎంత జరిపినా వెలగలేదు. వెనుక మూత తీస్తే సెల్స్ చుట్టూ తెల్లని పిండి, స్ప్రింగులకు పచ్చని చిలుము. "పారేయమ్మా, ఇంకొకటి కొనుక్కుందాం" అన్నాను. అది నా వంక వింతగా చూసి, "అమ్మా, నువ్వు కెమిస్టువి కదా?" అంది. డాక్టరేటు పుచ్చుకొని పదిహేనేళ్ళు దాటిన నాకు వెంటనే సమాధానం తోచలేదు.

ఆ రాత్రి తెనాలిలో ఉన్న మా నాన్నగారితో ఫోన్‌లో ఈ సంగతి ప్రస్తావించాను. "వంటసోడా నీళ్ళతో తుడిస్తే సరిపోతుందమ్మా" అన్నారు. ఆయన కాలానికి ఆ మాట అక్షరాలా నిజం. మా చిన్ననాట టార్చిలైట్లలోనూ, ట్రాన్సిస్టర్ రేడియోలలోనూ వేసినవి జింకు-కార్బన్ సెల్స్. వాటిలో ఉండేది అమ్మోనియం క్లోరైడ్, అనగా పాత్రలకు కళాయి పూసేవారు వాడే నవాసాగరం, లేదా జింకు క్లోరైడ్. సెల్ పైగుల్లే జింకు. కరెంటు ఇస్తున్నకొద్దీ అది కరిగి పలచబడి, చివరకు చిల్లిపడి ద్రవం కారుతుంది. ఆ ద్రవం ఆమ్లగుణం కలది కనుక సోడా దానిని విరిచేస్తుంది.

ఇప్పటి ఆల్కలైన్ సెల్ సంగతి వేరు. దీనిలోని ద్రవం పొటాషియం హైడ్రాక్సైడ్, తీక్ష్ణమైన క్షారం. వాడి మరచిపోయిన సెల్‌లో జింకు పొడి నెమ్మదిగా తినుకుపోతూ హైడ్రోజన్ వాయువును విడుదల చేస్తుంది. లోపల ఒత్తిడి పెరిగి సీలు తెగుతుంది. బయటికి పాకిన క్షారం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకొని పొటాషియం కార్బనేట్‌గా మారుతుంది. మనకు కనిపించే తెల్లని పిండి అదే. క్షారం మీద సోడా చల్లి ప్రయోజనం లేదు; దానికి ఆమ్లం కావాలి. ఇది వివరించగానే నాన్నగారు, "అయితే నిమ్మకాయ పిండు" అన్నారు. సరైన మాటే. నేను వెనిగర్ వాడాను.

చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు పెట్టుకొన్న తరువాతనే మొదలుపెట్టాము. క్షారం కంటిలో పడితే ప్రమాదం. దూదిపుల్లను వెనిగర్‌లో ముంచి పిండి మీద అద్దగానే బుసబుసమని నురగ లేచింది. ఆ బుడగలు ఏమిటని అమ్మాయి అడిగింది. ఎన్నో ఏళ్ళ క్రితం ఎవరి ఇంటి గాలిలో నుంచో ఆ పిండి పీల్చుకొన్న వాయువే ఇప్పుడు మన ఇంటి గాలిలోకి తిరిగి వస్తోందని చెప్పాను. నిజం చెప్పాలంటే, నా ఉద్యోగంలో నేను చేసిన ఏ ప్రయోగాన్నీ అది అంత శ్రద్ధగా చూడలేదు. తరువాత నీటి తడి, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరబెట్టాము. వెనిగర్‌ను అక్కడే వదిలేస్తే అదీ లోహాన్ని తింటుంది.

అయినా పెట్టె వెలగలేదు. విప్పక తప్పలేదు. ఇక్కడే నాకు కోపం వచ్చింది. ఆ మరల తలపై గాడి ప్లస్ ఆకారంలో కాక మూడు రెక్కలుగా ఉంటుంది. ఇంట్లోని ఏ స్క్రూడ్రైవరూ పట్టదు. కొన్నవాడు లోపలికి తొంగిచూడరాదని చెప్పడమే కదా అది! 2018లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, సీలు తొలగిస్తే వారంటీ చెల్లదనడం వంటి షరతులపై ఆరు సంస్థలకు హెచ్చరిక లేఖలు పంపింది. 2024 జూలై 1న కాలిఫోర్నియాలోనూ, మినెసోటాలోనూ మరమ్మతు హక్కు చట్టాలు అమలులోకి వచ్చాయి. అయితే రెండూ వీడియో ఆట యంత్రాలను మినహాయించాయి. ఆటలను దొంగచాటుగా నకలు చేస్తారన్న భయం తయారీదారులది. ఆ భయం నిరాధారమని అనను. కాని పిల్లలు అన్నిటికన్నా ఇష్టంగా విప్పి చూడగోరే వస్తువునే చట్టం పక్కన పెట్టడం నాకు సమ్మతం కాదు.

కొన్ని డాలర్లకు తగిన స్క్రూడ్రైవర్ తెప్పించి విప్పాము. లోపం స్విచ్చిలో ఉంది. ఒక చుక్క ఆల్కహాల్ వేసి ఇరవైసార్లు అటూ ఇటూ జరిపిన తరువాత తెర మీద అక్షరాలు దిగివచ్చాయి.

అన్నీ విప్పమని నా అభిప్రాయం కాదు. కొత్త పెట్టెలలోని లిథియం-అయాన్ బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే దాని జోలికి పోరాదు. దానిలోని ద్రావణి మండుతుంది. లవణం తేమ తగిలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను విడుదల చేయవచ్చు. నేనే తాకను. పాత సెల్స్ పెట్టెలు మాత్రం భోజనాల బల్ల మీద విప్పదగినవే.

శనివారం ఇంత సమయం ఎక్కడిదని మిత్రులు అంటారు. ఈత, గణితం, కూచిపూడి అంటూ మన పిల్లల వారం ముందే నిండిపోయి ఉంటుంది. నేనూ అట్లాగే పెరిగాను. ఎంసెట్‌కు చదివే రోజుల్లో జింకు సెల్ సమీకరణాలను నూరుసార్లు వ్రాసి ఉంటాను. ఒక్క సెల్‌నైనా దగ్గరగా పరిశీలించలేదు. మా అమ్మాయికి ఆ సమీకరణాలు ఇంకా తెలియవు. సెల్ ఎందుకు కారుతుందో మాత్రం తెలుసు.

తెర మీద ఇంకా రెండు నిలువు గీతలు లోపించి ఉన్నాయి. తెర అంచున ఉన్న పలుచని పట్టీ అతుకు వదిలితే అట్లా అవుతుంది. సోల్డరింగ్ ఐరన్‌తో మెల్లగా వేడిచేస్తే తిరిగి అతుక్కోవచ్చు. అందుకని వచ్చే శనివారం కూచిపూడి క్లాసు మానేస్తానంటోంది. ఆ విషయంలో ఇంకా చర్చలు సాగుతున్నాయి.