ఉరి గది దాటి ఊళ్లోకి

కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’లో రాఘవరావు అనే రైతుబిడ్డకు తెల్లారితే ఉరి. జైలు గదిలో ఆ రాత్రి అతని తలపుల్లోంచే తెలంగాణ రైతాంగ పోరాటం పాఠకుడికి తెలుస్తుంది. 1980లో విడుదలైన ‘మా భూమి’కి ఆధారం ఈ నవలే. తెర మీద మాత్రం రాఘవరావు లేడు, రామయ్య ఉన్నాడు. ఉరి ముందు రాత్రికి బదులు వెట్టిలో నలిగిన బతుకు మొదటినుంచీ కనిపిస్తుంది.

సరైన తెగింపు అది. మనిషి లోపలి మథనాన్ని నవలాకారుడు పది పేజీలు రాసినా చెల్లుతుంది. దాన్నే ఉపన్యాసం చేసి పాత్ర నోట పలికిస్తే హాల్లో జనం లేచిపోతారు. దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ. నిర్మాతల్లో ఒకరైన బి.నర్సింగరావు తెలంగాణ నేల మనిషి. ఆ ఇద్దరూ ఉపన్యాసాన్ని పక్కనపెట్టి పల్లెనూ, యాసనూ, పాటనూ నమ్ముకున్నారు. సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాటను గద్దర్ తెర మీదికొచ్చి ఎత్తుకున్నాడు. దొర మీద ఊరికున్న కోపమంతా కొన్ని నిమిషాల్లో జనానికెక్కింది.

అయినా ఇల్లందు అడవుల వైపు నుంచి చూస్తే ఒక వెలితి మిగిలే ఉంది.

1948 సెప్టెంబరులో భారత సైన్యం దిగాక కమ్యూనిస్టు దళాలు మైదానం వదిలి గోదావరి అడవులకు, ఇల్లందు, పాల్వంచ ప్రాంతాలకు చేరాయి. దళాలకు అన్నం అందకుండా చేయడానికి కోయ గూడేలను ఖాళీ చేయించి జనాన్ని శిబిరాలకు తోలారు. 1951లో పోరాట విరమణ దాకా ఆ మూడేళ్ల బరువు మోసింది అడవి జనమే. తెలుగు సినిమా ఈ కథ జోలికి పెద్దగా రాలేదు. గడీ ఒక్కసారి కనిపిస్తే చాలు, దొర ఎవరో చూసేవాళ్లకు అర్థమైపోతుంది. అడవిలో ఆకలిని, నడకను, తెల్లారేసరికి ఖాళీ అయిన గూడేన్ని చూపడం అంత సులువు కాదు. పైగా అక్కడి భాష కోయ. కోయ పాత్రల చేత సినిమా తెలుగు మాట్లాడిస్తే కథ సగం చచ్చిపోతుంది.

ఇప్పుడు ఇల్లందు నుంచి ఐదుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన గుమ్మడి నర్సయ్య జీవితం సినిమాగా రూపుదిద్దుకుంటోంది. కన్నడ నటుడు శివరాజ్‌కుమార్ ఆ పాత్ర వేస్తున్నారు. నవల ఆధారం కాకపోయినా చిక్కు మాత్రం పాతదే. సైకిల్ తొక్కే ఎమ్మెల్యే బొమ్మ తెరకు ఇట్టే పట్టుబడుతుంది. పోడు భూముల కోసం ఏళ్ల తరబడి సాగిన తగాదా, దాని వెనకున్న పార్టీ రాజకీయం అలా పట్టుబడవు. వాటిని వదిలేస్తే మిగిలేది నిజాయితీపరుడైన ఒక మంచిమనిషి కథ మాత్రమే. గూడేల్లో ఆయనకు ఓట్లు వేసినవాళ్లు ఈ చిత్రంలో తమ సొంత భాషలో మాట్లాడాలని ఇల్లందు ప్రేక్షకులు ఇప్పుడే గట్టిగా అడగాలి.