మర్యాదకు భూతకాలమేల?

"కెన్" వర్తమానమనీ, "కుడ్" దాని భూతకాలమనీ మనమందరం పాఠశాలలోనే కంఠస్థం చేశాం. అయితే "కుడ్ యు గివ్ మి ది ఫారమ్?" అన్న ఆంగ్లేయుడు నిన్నటి సంగతి అడగటం లేదు, ఫారమ్ ఇప్పుడే కావాలంటున్నాడు. మరి ఈ భూతకాలమెందుకు?

ఒకప్పుడు ఆంగ్లంలోనూ "దౌ" అనే ఏకవచనం, "యు" అనే గౌరవవాచకం వేరువేరుగా ఉండేవి. 17వ శతాబ్దంలో "దౌ" సాధారణ సంభాషణ నుండి క్రమంగా తొలగిపోయింది. నువ్వూ మీరూ ఒక్కటైన ఆ భాషలో సర్వనామం చెప్పలేని మర్యాదను నేడు క్రియ చెబుతోంది. భూతకాలం దూరాన్ని సూచిస్తుంది. కోరికకు ఆ దూరాన్ని కల్పిస్తే ఒత్తిడి తగ్గి, కాదనడానికి ఎదుటివారికి చోటు మిగులుతుంది. "ఐ వాజ్ వండరింగ్" అని మొదలుపెట్టడంలోని అంతరార్థమిదే.

మన భాషల దారులు వేరు. తెలుగుకు "మీరు", "అండి", "ఇప్పించగలరు" ఉన్నాయి. ఉర్దూకు "ఆప్", "దీజియే" ఉన్నాయి. మరింత మృదువుగా "దీజియేగా" అనడమూ ఉంది. ఉర్దూ రేపటికి జరిపిన మర్యాదను ఆంగ్లం నిన్నటికి జరిపింది!

ఈ భేదం తెలియకపోతే నష్టపోయేది మన విద్యార్థులే. "నాకు సర్టిఫికెట్ కావాలండీ" అనే వినయశీలి "ఐ వాంట్ ఎ సర్టిఫికెట్" అనగానే గర్విష్ఠిగా కనబడతాడు. "అండీ" జారిపోయింది, దాని స్థానంలో "ఐ వుడ్ లైక్" రాలేదు. లోపం భాషాభ్యాసానిది, నింద నడవడికి!

అట్లని ప్రతి మాటకూ భూతకాలం తొడగనక్కరలేదు. మిత్రుని కలమడగడానికి "కెన్ యు" చాలు. ఆపదలో వైద్యుని పిలవడానికి "ప్లీజ్ కమ్ ఎట్ వన్స్" అనాలి. "కుడ్ ఐ సిట్ హియర్?" అన్నవారికి "యస్, యు కెన్" అని అనుమతించాలే గాని "యు కుడ్" అనరాదు. అడగడంలో సంకోచం శోభిస్తుంది, ఇవ్వడంలో శోభించదు. ఎదుటివారి హోదాను బట్టి గాక, వారికి మనం కలిగించే శ్రమను బట్టి క్రియారూపాన్ని ఎంచుకోవాలని మా అభిప్రాయం.

కాలాల పట్టికను వల్లించినంత మాత్రాన ఈ వివేకం అలవడదు. వారానికొక గంటనైనా ఆంగ్ల సంభాషణాభ్యాసానికి కేటాయించగలరని కళాశాల సంఘంవారికి మా మనవి.