వియ్యపురాలు లేని బొమ్మల పెళ్లి

సింగ్‌నగర్ నుంచి మా చెల్లెలి కూతురు సెలవులకొచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ కంప్యూటర్లో సిమ్స్ 4 ఆటే. పక్కన కూర్చుని చూశాను. ఒక మనిషిని తయారుచేసి ముక్కోపి గుణం తగిలించింది. ఇంకేం, ఇంట్లో కురుక్షేత్రమే అనుకున్నా. వాడికి కోపం రానే వచ్చింది. అద్దం ముందు నిలబెట్టింది, చల్లబడ్డాడు. (మా మావగారి కోపానికి ఏ అద్దమూ పనిచేసేది కాదు.) డబ్బు చాలకపోతే ‘మదర్‌లోడ్’ అని కొట్టింది, 50,000 సిమోలియన్లు వచ్చిపడ్డాయి.

‘‘ఇల్లు కట్టేదాకే బావుంటుంది పెద్దమ్మా, తర్వాత బోరు’’ అంది.

అసలు ఈ ఆట పుట్టిందే కష్టంలోంచి. 1991లో ఓక్లండ్ కొండల్లో రేగిన మంటల్లో, దీన్ని తయారుచేసిన విల్ రైట్ ఇల్లు కాలిపోయింది. ఒక్కో సామానూ మళ్లీ కొనుక్కుంటూ, మనిషికి నిజంగా ఏం కావాలన్న ఆలోచనలో పడ్డాడు. 2000లో సిమ్స్ వచ్చింది. అందులో వంట రానివాడు పొయ్యి వెలిగిస్తే కొంప అంటుకునేది, బిల్లు కట్టకపోతే సామాను పట్టుకుపోయేవారు. ఇప్పుడూ మంటలున్నాయి గానీ, కోరలు తీసిన పాములే. మూడో ఆటలో పెద్దవాళ్లకి అయిదు గుణాలుండేవి, నాలుగోదానికొచ్చేసరికి మూడయ్యాయి.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద మా చెల్లెలింట్లోకీ వచ్చింది. నీళ్లు తీశాక చూస్తే ఫ్రిజ్ హాల్లో వెల్లకిలా పడి ఉంది, తలుపు తీస్తే లోపల బురద. ముందు ఏం కొనాలన్న దగ్గర మొగుడూ పెళ్లాలకి చెడింది. ఆయన మంచమన్నాడు. చెల్లెలేమో అమ్మ ఇచ్చిన కుట్టుమిషన్ బాగుచేయిస్తే గానీ మంచమెక్కనంది. చాప మీద పడుకుంది గానీ మాట తప్పలేదు. మా చెల్లెలికి అంత పంతం ఉందని అప్పుడే తెలిసింది నాకు.

మా చిన్నప్పటి కొండపల్లి బొమ్మలకి మాత్రం గుణాలెక్కడివి? పొణికి కర్ర, రంగు, అంతే. కానీ బొమ్మల పెళ్లిలో మగపెళ్లివారంటే ఎదురింటి పిల్ల. లాంఛనాలు చాల్లేదని అలిగి, తాళి కట్టే వేళకి పెళ్లికొడుకుని గౌనులో చుట్టుకుని ఇంటికి చక్కాపోయింది. మర్నాడు జామకాయలిచ్చి బతిమాలుకున్నాం. సిమ్స్‌లో ఆ పిల్ల లేదు. రెండు వైపులా మనమే వియ్యపురాళ్లం, ఇక అలిగేదెవరు? అలిసిపోయి ఆడేవాళ్లకి ఇంకా కష్టాలెందుకంటారు కొందరు. వైకుంఠపాళిలో పెద్దపాముని చెరిపేసి ఓ పూట ఆడి చూడమనండి.

రాత్రి మళ్లీ తొంగిచూశాను. తెరమీద వాళ్ల సింగ్‌నగర్ ఇల్లే కడుతోంది. అరుగూ, గేటూ అన్నీ అలాగే. పునాది మాత్రం ఆట ఒప్పుకున్నంత ఎత్తు లేపుతోంది.

‘‘అందులో వరద రాదుగా?’’ అన్నాను.

‘‘తెలుసు పెద్దమ్మా’’ అంటూనే ఇంకో మెట్టు పెంచింది.