ఇప్పుడు నీ చేతిలో ఏ పుస్తకం ఉంది? పటాన్‌చెరు, సంగారెడ్డి పాఠకుల ప్రణాళిక

కంపెనీల మధ్య బతికేవాళ్లలో చదివేవాళ్లు ఎవరుంటారని అడుగుతారు. ఆ మాటకు జవాబుగా ఈ ప్రణాళిక రాస్తున్నాం. పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం, రుద్రారం, బొల్లారం, గడ్డపోతారం, అటు కంది, సంగారెడ్డి దాకా పరిశ్రమల్లోనూ వాటి చుట్టూనూ బతుకుతున్న పాఠకులం మేము. రియాక్టర్ల దగ్గర డ్యూటీ చేసేవాళ్లం, ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసేవాళ్లం, క్యాంటీన్‌లో వండేవాళ్లం, గేటు దగ్గర సెక్యూరిటీగా ఉండేవాళ్లం, బడిలో పాఠాలు చెప్పేవాళ్లం, ఇంటి పట్టున ఉండి పిల్లల్ని చూసుకునేవాళ్లం. మాలో చాలామంది దగ్గర ఏదో ఒక పుస్తకం ఉంది. దిండు కింద ఉంది, టిఫిన్ బ్యాగులో ఉంది, ఫోన్‌లో ఉంది. ఆ సంగతి పక్కవాళ్లకు తెలియదు. ఈ ప్రాంతంలో పుస్తకాల కరువు కన్నా ఇదే పెద్ద కరువని మా నమ్మకం.

తెలంగాణలో కవులు లేరని ఒకాయన రాస్తే, సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవుల రచనలు సేకరించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చువేశారు. ఆ సంచిక వచ్చాక ఇక ఆ మాట అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మాకు ఆ పద్ధతి నచ్చింది. మేమూ పేర్లు రాసి చూపిస్తాం.

ఇందుకు కావలసింది ఒక లాంగ్ నోట్‌బుక్, ఒక స్కేలు, దారం కట్టిన పెన్ను. ప్రతి పేజీలో నిలువుగా గీతలు కొట్టి గడులు చేస్తాం. మొదటి గడిలో పేరు. రెండో గడిలో ఇప్పుడు చదువుతున్న పుస్తకం. ఇప్పుడు అన్న మాట ముఖ్యం. ఎప్పుడో కాలేజీలో చదివింది వద్దు, చదవాలనుకుంటున్నది వద్దు, సగంలో ఉన్నా సరే చేతిలో ఉన్నదే రాయాలి. మూడో గడిలో ఆ పుస్తకం ఎవరు చెబితే చేతికొచ్చిందో రాయాలి. నాలుగో గడిలో ఎవరికి చెప్పాలనుకుంటున్నారో రాయాలి. చివరి గడి వెడల్పుగా ఉంటుంది. అందులో రెండు మూడు వాక్యాలు. ‘చాలా బాగుంది’ అని రాసి వదిలేస్తే ఎవరికీ పనికిరాదు. ఏ పేజీ దగ్గర ఆగిపోయారు, ఎవరు గుర్తొచ్చారు, ఎక్కడ విసుగొచ్చింది, అది రాయాలి.

ఆ పేజీ ఎలా ఉండాలని మేం అనుకుంటున్నామో చెబుతాం. ఉద్దానం నుంచి వచ్చి ఇస్నాపూర్‌లో రూం తీసుకున్న తమ్ముడు కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ పేరు రాసి, “అప్పు గొడవంతా మా ఇంట్లో జరిగినట్టే ఉంది, చివరికొచ్చాక డ్యూటీకి పోబుద్ధి కాలేదు” అంటాడు. దాని కింద దుబ్బాక వైపు నుంచి వచ్చిన అక్క, బి.ఎస్. రాములు ‘బతుకు పోరు’ పేరు రాసి, “మా అమ్మ బీడీలు చేసింది, రోజూ ఇంత చదివి ఫోన్‌లో ఆమెకు వినిపిస్తున్న” అంటుంది. ఇంకొకరు ‘తులసిదళం’ రాసి, భయమేసినా ఆపలేకపోయానంటారు. బల్లియా నుంచి వచ్చిన హెల్పర్ హిందీలోనే ప్రేమ్‌చంద్ ‘గోదాన్’ అని రాస్తాడు, అందులోని హోరి తన తండ్రిలాగే ఉన్నాడంటాడు. ఇలాంటి నాలుగు వరుసలు ఒక పేజీలో పడ్డాక, ఉద్దానం తమ్ముడు బీడీల నవల అడుగుతాడు, దుబ్బాక అక్క ‘యజ్ఞం’ అడుగుతుంది. మేం కోరేది అంతే. ఆ నోట్‌బుక్ కొన్నాళ్లు ఇస్నాపూర్ చౌరస్తాలో ఒక చాయ్ హోటల్లో, కొన్నాళ్లు పటాన్‌చెరులో, కొన్నాళ్లు సంగారెడ్డిలో ఉంటుంది. హోటలాయన ఒప్పుకున్న చోటే పెడతాం.

ఎవరు చెప్పారన్న గడికి ఎందుకింత విలువ ఇస్తున్నామో కూడా చెప్పాలి. తెలుగువాళ్లలో చదువు పెరిగిందే ఒకరి మాట మీద ఒకరికున్న నమ్మకంతో. మాలతీ చందూర్ స్వాతి మాసపత్రికలో ఏళ్ల తరబడి ‘పాతకెరటాలు’ రాశారు. ఇంగ్లిష్ రాని ఎంతోమంది ఇల్లాళ్లు ఆమె ద్వారానే ప్రపంచంలోని పెద్ద నవలల కథలు తెలుసుకున్నారు. ఆమె చెప్పే తీరు ఎదురుగా కూర్చుని చెప్పినట్టుండేది. అద్దె పుస్తకాల షాపులు నడిచిన రోజుల్లో యద్దనపూడి సులోచనారాణి నవల ఇంకొకరి దగ్గర ఉందంటే, అది తిరిగొచ్చేదాకా వరుసలో పేరు రాయించుకుని ఎదురుచూసేవారు. ‘ఏడు తరాలు’ సంగతీ ఇంతే. అలెక్స్ హేలీ పుస్తకాన్ని సహవాసి తెలుగు చేస్తే, 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తక్కువ ధరకు అచ్చువేసింది. ఆఫ్రికా నుంచి అమెరికాకు బానిసలుగా పట్టుకెళ్లిన మనుషుల కథను మన పల్లెల్లో చేతులు మార్చుకుంటూ చదివారంటే, ఒకరు చదివి ఇంకొకరికి ఇవ్వడం వల్లే.

ఈ నేలకు ఇది కొత్త పనేం కాదు. నిజాం కాలంలో సభ పెట్టుకోవాలంటే గస్తీ నిషాన్ 53 కింద ముందు అనుమతి తెచ్చుకోవాలి. అలాంటి రోజుల్లో 1930 మార్చిలో మన జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షత వహించారు. అక్కడే మహిళల సభ కూడా జరిగింది, దానికి నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. ఊరూరా బడి, ఊరూరా గ్రంథాలయం అన్నది తొలినాళ్లలో ఆ మహాసభ పట్టుకున్న ముఖ్యమైన పని. పటాన్‌చెరు నుంచి జోగిపేట బస్సెక్కితే ఆ ఊరు ఎంతో దూరం లేదు. అయినా మన పిల్లలకు ఆ కథ చెప్పేవాళ్లు తక్కువ.

వట్టికోట ఆళ్వారుస్వామి పేరు ఈ ప్రణాళికలో ప్రత్యేకంగా రాసుకుంటున్నాం. ఆయన హోటల్లో సర్వరుగా పనిచేశాడు. గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు అచ్చువేశాడు, వాటిని మోసుకుంటూ తిరిగి అమ్మాడు. తర్వాత ‘ప్రజల మనిషి’ నవల రాశాడు. టేబుళ్లు తుడిచిన మనిషి పాఠకుడై, ప్రచురణకర్తై, రచయితయ్యాడు. క్యాంటీన్‌లో పనిచేసే తమ్ముళ్లకు మొదట చెప్పాల్సిన కథ ఇది.

మాకు అడ్డం పడేది టైము. మూడు షిఫ్టులున్న చోట ఈ వారం పొద్దున, వచ్చే వారం రాత్రి. కాంట్రాక్టు కింద పనిచేసేవాళ్లకు పన్నెండు గంటల డ్యూటీ మామూలైపోయింది. సాల్వెంట్లు వాడే ప్లాంట్లలో ఫోన్ గేటు దగ్గరే పెట్టి లోపలికి పోవాలి. అది మన ప్రాణాల కోసమే, దాన్ని తప్పుపట్టం. ఇక మిగిలేవి కంపెనీ బస్సులో కూర్చున్న గంట, నిద్రకు ముందు అరగంట, వారానికో సెలవు. ఆ ముక్కల్లోనే చదువుతాం. కాబట్టి మా కూడిక ఒకేసారి పెట్టం. జీతాలు పడ్డాక వచ్చే ఆదివారం పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కూర్చుంటాం. ఏ షిఫ్టువాళ్లు తమకు వీలైన పూట రావచ్చు. రాత్రి పూట బయటికి రాలేని ఆడవాళ్లు పొద్దున కూడికకు రావాలని, వాళ్లే దాన్ని నడపాలని కోరుతున్నాం. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణ ఆడవాళ్లకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు. అక్కలు నలుగురు కలిసి 218 నంబరు బస్సెక్కి కోఠిలో దిగితే, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకుని రావచ్చు.

చదవడం రానివాళ్లను వదిలి ఈ పని మొదలుపెట్టం. 1865 నాటికే హవానాలో చుట్టల కార్ఖానాల్లో, కార్మికులు తలా ఇంత వేసుకుని ఒక మనిషిని పెట్టుకునేవారు. వాళ్లు చుట్టలు చుడుతుంటే అతను ఎత్తైన పీట మీద కూర్చుని పేపరు, నవలలు పైకి చదివేవాడు. ఏ నవల చదవాలో వాళ్లే తేల్చుకునేవారు. అంత దూరమెందుకు, కేరళలోని కన్నూరులో బీడీ కార్మికులు ఇదే చేశారు. ఒకరు చదువుతుంటే, ఆ చదివేవారి వాటా బీడీలు మిగతావాళ్లు చుట్టి లెక్క సరిచేసేవారు. మెషిన్ల చప్పుడులో మనకది కుదరదు. కూడికలో మాత్రం ప్రతిసారీ ఒక కథ పూర్తిగా పైకి చదువుతాం. వినడం కూడా చదవడమే, విన్నవాళ్ల పేరు కూడా నోట్‌బుక్‌లో ఎక్కుతుంది.

2025 జూన్ 30న పాశమైలారంలో ఒక పరిశ్రమలో పేలుడు జరిగింది. చనిపోయినవాళ్లలో చాలామంది ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు. మన వీధుల్లోనే రూములు తీసుకుని ఉన్నవాళ్ల ఊళ్లు, పిల్లల సంగతులు మనలో ఎంతోమందికి ఆ తర్వాత పేపర్లలో చూశాకే తెలిశాయి. బతికుండగా పక్కరూం మనిషిని ఏం చదువుతున్నావని, ఏ పాట ఇష్టమని అడగలేదు. అందుకే మా నోట్‌బుక్‌లో భాషకు అడ్డు లేదు. ఒడియా రాసేవాళ్లు ఒడియాలో రాయాలి, ఉర్దూ, హిందీ, కన్నడం రాసేవాళ్లు వాటిలోనే రాయాలి. అర్థం చెప్పే మనిషి రూముల ప్రతి లైన్లోనూ ఒకరుంటారు. ఒడియా తమ్ముడు గోపీనాథ్ మహంతి ‘పరజా’ గురించి చెబితే, కొరాపుట్ కొండల కథ మనమూ వింటాం.

గ్రంథాలయం మా హక్కు, దాన్ని అడుగుతాం. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతుంది. ఇంటి ఓనరు కట్టే ఆ పైసలు మన అద్దెలో ఉన్నాయి. ఊరు విడిచి వచ్చి పదికి పది రూంలో నలుగురం ఉంటున్నా, ఆ డబ్బు మన కష్టంలోంచే పోతోంది. పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరిచే లైబ్రరీ షిఫ్టు మనిషికి అందదు. పారిశ్రామిక ప్రాంతాల్లో రాత్రి పది దాటేదాకా తెరిచి ఉండే శాఖలు కావాలి, కార్మికుల కాలనీలకు వారానికోసారి పుస్తకాల బండి రావాలి. 1935లోనే పాతూరి నాగభూషణం కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊళ్లకు తీసుకెళ్లారు. హైవే మీద ఒక వ్యాను తిప్పడం ప్రభుత్వానికి కష్టమేం కాదు. ఆధార్ మీద వేరే ఊరి అడ్రసు ఉందని ఎవరికీ సభ్యత్వం కాదనకూడదు.

మా మధ్య కొన్ని మాటలు. చందా లేదు, అధ్యక్షుడు లేడు, శాలువాలు కప్పడం లేదు. ఈ కూడికకు పేరు కూడా మొదటిసారి కూర్చున్నప్పుడు అందరూ కలిసి పెడతారు. శ్రీశ్రీ చదివేవాళ్లు, వారపత్రిక సీరియల్ చదివేవాళ్లు, గ్రూప్స్ పుస్తకాలు చదివేవాళ్లు, ఖురాన్, భాగవతం చదివేవాళ్లు ఒకే వరుసలో కూర్చుంటారు. ఒకరు చదివేదాన్ని ఇంకొకరు చిన్నచూపు చూస్తే అక్కడే ఆపేస్తాం. అయితే నచ్చలేదని చెప్పే హక్కు అందరికీ ఉంది. పెద్ద రచయిత పుస్తకమైనా సరే, ఎందుకు నచ్చలేదో చెప్పాలి. మొహమాటంతో పొగిడితే, నమ్మి కొనుక్కున్న మనిషి డబ్బులూ పోతాయి, మన మాటకున్న విలువా పోతుంది. పుస్తకం పోతే జరిమానా వెయ్యం. ఎవరి దగ్గర ఆగిందో నోట్‌బుక్ చూస్తే తెలుస్తుంది, ఇల్లు మారినవాళ్లు ఒక మాట చెప్పి పోతే చాలు.

ఈ కాగితం చదివిన అన్నలకు, అక్కలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా మనవి ఒక్కటే. రేపు డ్యూటీకి పోయేటప్పుడు బస్సులో పక్కన కూర్చున్న మనిషిని “ఏం చదువుతున్నవ్?” అని అడగండి. ఏమీ లేదంటే, మీరు చదివేది రెండు మాటల్లో చెప్పండి. జీతాలు పడ్డాక వచ్చే ఆదివారం ఆ మనిషిని, సగంలో ఉన్న మీ పుస్తకాన్ని వెంటబెట్టుకుని రండి.